టెక్ సందేహాలు: ధరల పుస్తకమా, ధర చెప్పే యాపా?

నాణేలు, తపాలా బిళ్ళలు, గ్రామఫోన్ రికార్డులు సేకరించేవారు ఏ ధరల పుస్తకాన్ని, ఏ కేటలాగును నమ్ముతున్నారో రాయమని అడిగితే, వచ్చిన ఉత్తరాలు రెండు వర్గాలుగా చీలిపోయాయి. ఫోన్‌లో అన్నీ దొరుకుతుండగా ఏటేటా లావుపాటి పుస్తకం కొనడం దండగ అన్నవారు ఒకవైపు ఉంటే, యాప్ చెప్పిన ధరను నమ్మి చేతులు కాల్చుకున్నామన్నవారు మరోవైపు ఉన్నారు. నా అభిప్రాయంలో ఈ పేచీ పుస్తకానికీ ఫోన్‌కూ మధ్య ఉన్నది కాదు. కేటలాగు చేసే పనులు రెండు: చేతిలో ఉన్న వస్తువు ఏమిటో తేల్చడం ఒకటి, దాని వెల చెప్పడం మరొకటి. మొదటిది దశాబ్దాలు నిలుస్తుంది, రెండవది పుస్తకం అచ్చయ్యేలోపే పాతబడటం మొదలుపెడుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ రెండవ పనిలో సాయపడినంతగా మొదటి పనిలో ఇంకా సాయపడడం లేదు. కింది జవాబులన్నీ ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

సందేహం: నాణెం ఫొటో తీస్తే చాలు, అది ఏమిటో, ఎంత పలుకుతుందో యాప్ చెప్పేస్తోంది. ఇక కేటలాగు దేనికి? అయితే ఒకే నాణేన్ని మూడుసార్లు ఫొటో తీస్తే మూడు ధరలు వచ్చాయని మా మిత్రుడు అంటున్నాడు. అది ఎలా సాధ్యం?

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఈ యాప్‌లు చేసేది బొమ్మను బొమ్మతో పోల్చడం. మీరు తీసిన ఫొటోను తమ దగ్గరున్న ఫొటోలతో సరిపోల్చి, దేనికి దగ్గరగా ఉందనిపిస్తే దాని పేరు, దానితో పాటు నమోదై ఉన్న ధర చూపిస్తాయి. వెలుతురు మారితే పోలిక మారుతుంది, పోలిక మారితే ధర మారుతుంది. దేశం, పాలకుడు, ముఖవిలువ, సుమారు కాలం చెప్పడంలో వాటి పనితీరు మెచ్చుకోదగినదే. తెలియని లిపి ఉన్న నాణెం చేతికి వస్తే, కేటలాగులో ఏ దేశం పేజీలు తెరవాలో తేల్చుకోవడానికి నేను కూడా ముందు ఫోన్‌నే తీస్తాను. చిక్కంతా ఆ తర్వాతే వస్తుంది, ఎందుకంటే సేకర్త దృష్టిలో వెలను నిర్ణయించే తేడాలు చాలావరకు ఫొటోకు అందనంత చిన్నవి, లేదా ఫొటోలో అసలు ఉండనివి.

అమెరికాలో 1909లో వచ్చిన లింకన్ సెంటునే తీసుకోండి. వెనుకవైపు అడుగు అంచున రూపకర్త విక్టర్ డేవిడ్ బ్రెనర్ పేరులోని పొడి అక్షరాలు వి.డి.బి. ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ముందువైపు సంవత్సరం కింద శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు ‘ఎస్’ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. రెండు గుర్తులూ కలిసి ఉన్న నాణేలు 4,84,000 మాత్రమే తయారయ్యాయి, వి.డి.బి. ఉండి ‘ఎస్’ లేనివి, అంటే ఫిలడెల్ఫియాలో ముద్రించినవి, దాదాపు 2.8 కోట్లు. అరిగిన నాణెం మీద, పక్కనుంచి వెలుతురు పడిన ఫొటోలో, ఆ ‘ఎస్’ ఒక నీడ మరకలా మిగులుతుంది. పైగా మామూలు నాణెం మీద ఆ అక్షరాన్ని అతికించి అమ్మడం చాలా పాత మోసం. అక్షరం కనబడుతోందా లేదా అన్నది యాప్ చెప్పగలిగినా, అది టంకశాలలో పడిందో, ఆ తర్వాత ఎవరైనా అతికించారో చెప్పలేదు. అసలు అక్షరం ఏ ఆకారంలో ఉంటుందో, తేదీకి ఎక్కడ, ఎంత దూరంలో ఉండాలో పెద్ద బొమ్మలతో చూపించే రిఫరెన్సు పుస్తకం ఇక్కడ అక్కరకు వస్తుంది.

తపాలా బిళ్ళల విషయంలో ఫొటో మరింత నిస్సహాయమైనది. అమెరికాలో 1908 నుంచి 1922 వరకు వెలువడిన వాషింగ్టన్–ఫ్రాంక్లిన్ వరుసలో ఒకే బొమ్మ, ఒకే రంగు, ఒకే విలువ ఉన్న బిళ్ళలకు చిల్లుల కొలతను బట్టి, కాగితంలోని వాటర్‌మార్కును (కాగితం తయారీలోనే పడే లోపలి గుర్తు) బట్టి వేరువేరు కేటలాగు నంబర్లు ఉన్నాయి. చిల్లుల కొలత అంటే 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులు పడతాయన్న లెక్క. దానికి గేజి పెట్టి చూడాలి. వాటర్‌మార్కు ముందువైపు నుంచి తీసిన ఫొటోలో కనబడదు. నాణెం బరువూ అంతే. కాబట్టి యాప్ చందాకు పెట్టదలచిన డబ్బుతో 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం, వ్యాసం, మందం కొలిచే ఒక కాలిపర్ కొనుక్కోవడం మేలని నా సలహా; పోతపోసిన నకిలీలలో చాలావాటిని ఫోన్ కంటే ముందు అవే పట్టిస్తాయి.

చందా మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. ఈ తరహా యాప్‌లలో చాలావాటికి కొద్దిరోజుల ఉచిత వాడకం ముగియగానే చందా దానంతటదే మొదలవుతుంది. ఫోన్‌లోంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన అది ఆగదు. ప్లే స్టోర్‌లోనో, ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో మీ ఖాతా పేరు కిందనో, సబ్‌స్క్రిప్షన్స్ అన్న చోటికి వెళ్ళి రద్దు చేయాలి.

సందేహం: కేటలాగులో ఉన్న ధరలో సగం కూడా డీలరు ఇవ్వనంటున్నాడు. అదే వస్తువు ఆన్‌లైన్‌లో కేటలాగు ధరకు పదింతలు పెట్టి కనబడుతోంది. వీటిలో ఏది నిజమైన ధర?

జవాబు: కేటలాగులోది, ఆన్‌లైన్‌లోది రెండూ అమ్మేవాడి ధరలే. తపాలా బిళ్ళల కేటలాగులు పుట్టిందే వ్యాపారుల జాబితాలుగా. బ్రిటన్‌లో స్టాన్లీ గిబ్బన్స్ తొలి ధరల పట్టిక 1865లోను, అమెరికాలో స్కాట్ కేటలాగు 1868లోను వెలువడ్డాయి. రెండూ తమ దగ్గర అమ్మకానికి ఉన్న బిళ్ళలను ఏకరువు పెట్టినవే. ఈనాటికీ కేటలాగు ధర అంటే, చెప్పిన స్థితిలో ఉన్న వస్తువుకు కొనేవాడు దుకాణంలో చెల్లించవలసిన మొత్తం. డీలరు మీ దగ్గర కొనేటప్పుడు తన అద్దె, లాభం, అమ్ముడుపోవడానికి పట్టే కాలం అన్నీ అందులోంచే మినహాయించుకుంటాడు. ఇక అతి మామూలు బిళ్ళలకు కేటలాగు ఇచ్చే కనీస ధర ఆ బిళ్ళ విలువ కానే కాదు, దాన్ని వెతికి, తీసి, కవరులో పెట్టి ఇచ్చే శ్రమకు వేసిన వెల. వంద మామూలు బిళ్ళల కనీస ధరలను కూడి ఆస్తి లెక్క వేసుకుంటే నిరాశ తప్పదు.

చెప్పిన స్థితి అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. నాణేలకు నేడు వాడే 1 నుంచి 70 వరకు ఉన్న గ్రేడింగ్ కొలమానాన్ని, అంటే అరుగుదలను, స్థితిని బట్టి అంకె వేసే పద్ధతిని, విలియం షెల్డన్ 1949లో పాత అమెరికన్ సెంట్ల కోసం రూపొందించినప్పుడు, 70 గ్రేడు నాణెం 1 గ్రేడు నాణేనికి 70 రెట్లు పలుకుతుందన్న లెక్క పెట్టుకున్నాడు. ధరల మధ్య ఆ నిష్పత్తి ఎంతో కాలం నిలవలేదు గాని అంకెలు మాత్రం స్థిరపడిపోయాయి. పుస్తకంలో పక్కపక్కనే ఉన్న రెండు గ్రేడుల నిలువు వరుసల మధ్య ధర కొన్నిసార్లు ఎన్నో రెట్లు మారుతుంది. మన వస్తువును మనమే గ్రేడు చేసుకున్నప్పుడు చూపు సహజంగా ఎక్కువ గ్రేడు ఉండే కుడివైపు వరుస మీదికే పోతుంది.

ఆన్‌లైన్‌లో చూడవలసింది అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర. ఈబేలో వెతికిన తర్వాత ఫిల్టర్లలో ‘సోల్డ్ ఐటమ్స్’ ఎంచుకుంటే సుమారు గత 90 రోజుల అమ్మకాలు కనబడతాయి. అమ్మకందారు ఖాతా ఉన్నవారికి అక్కడి ప్రొడక్ట్ రీసెర్చ్ విభాగంలో మూడేళ్ళ వరకు వెనక్కి వెళ్ళే వీలుంది. బేరమాడి కొన్న సందర్భంలో అడిగిన ధరను కొట్టేసి ‘బెస్ట్ ఆఫర్ యాక్సెప్టెడ్’ అని చూపిస్తారు. అసలు ఎంతకు తెగిందో ఆ పేజీలో ఉండదు, కనుక అలాంటివాటిని లెక్కలోకి తీసుకోకండి. వేలంలో పాడి తర్వాత డబ్బు కట్టని కొనుగోళ్ళు కూడా అమ్మకాలుగానే కనబడవచ్చు. అందువల్ల సగటు కంటే మధ్యస్థం నయం: దొరికిన ధరలను వరుసగా పేర్చి నడుమ ఉన్నదాన్ని తీసుకుంటే ఒకటి రెండు వింత అంకెలు లెక్కను చెడగొట్టలేవు. రికార్డులు సేకరించేవారికి, రికార్డుల వివరాలూ అమ్మకాలూ ఉండే డిస్కాగ్స్ వెబ్‌సైటు ఈ పనిని సులువు చేసింది. అక్కడ ఒక్కొక్క ముద్రణకు కనిష్ఠ, మధ్యస్థ, గరిష్ఠ ధరలతో పాటు ఆఖరిసారి ఎప్పుడు అమ్ముడైందో కూడా చూపిస్తారు. ఆ ఆఖరి తేదీ మూడేళ్ళ కిందటిది అయితే, మిగిలిన మూడు అంకెలకూ పుస్తకంలోని ధర కంటే ఎక్కువ గౌరవం ఇవ్వనక్కరలేదు.

సందేహం: నా సేకరణ మొత్తాన్ని ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నాను. కొన్ని కేటలాగు నంబర్లు తేదీలుగా మారిపోతున్నాయి, కొన్నిటిలో చివరి సున్నా మాయమవుతోంది. పాత తేదీలను వరుస క్రమంలో పెట్టమంటే పెట్టడం లేదు. నా కంప్యూటర్‌లో వైరస్ ఉందా?

జవాబు: వైరస్ లేదు, అది ఎక్సెల్ చూపే అతి చొరవ. మీరు 3-5 అని రాస్తే అది తేదీ అనుకుంటుంది, 12.10 అని రాస్తే సంఖ్య అనుకుని 12.1గా మార్చేస్తుంది. ప్రపంచ నాణేల కేటలాగులలో కేటలాగు కూర్చిన క్రౌజ్, మిష్లర్ ఇద్దరి పేర్ల మీద వాడుకలోకి వచ్చిన కేఎం నంబర్లలో దశాంశ బిందువు తర్వాతి అంకె ఉపరకాన్ని సూచిస్తుంది కనుక, 12.1, 12.10 రెండూ ఒకటైపోతే రెండు వేరువేరు నాణేలు ఒకటైపోయినట్టే. ఈ తలనొప్పి మీ ఒక్కరిదే కాదు. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందన్న కారణంతోనే శాస్త్రవేత్తలు కొన్ని మానవ జన్యువుల పేర్లను మార్చుకున్నారు. ఆ మేరకు 2020లో కొత్త మార్గదర్శకాలు కూడా వెలువడ్డాయి.

నంబర్లు ఎక్కించడానికి ముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకుని, ఫార్మాట్‌ను ‘టెక్స్ట్’గా మార్చండి. ఇప్పటికే మారిపోయినవాటిని తర్వాత టెక్స్ట్ చేసినా పాత రూపం తిరిగి రాదు, మళ్ళీ టైపు చేయవలసిందే. కొత్త వెర్షన్లలో ఫైల్ మెనూలోని ఆప్షన్స్‌లో, డేటా విభాగం కింద, కొన్ని రకాల ఆటోమేటిక్ మార్పిడులను ఆపుకునే ఏర్పాటు 2023 నుంచి ఉంది గాని, 3-5, 12.10 వంటివాటికి దాన్ని నమ్ముకోకండి. ఎక్సెల్ క్యాలెండరు 1900 జనవరి 1తో మొదలవుతుంది కనుక, 1862 నాటి తేదీ దానికి తేదీయే కాదు, వట్టి అక్షరాలు. సంవత్సరం, నెల, రోజు మూడింటినీ మూడు వేరు వరుసలలో అంకెలుగా రాసుకుంటే క్రమం కుదురుతుంది. తెలుగులో వివరాలు రాసుకునేవారు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుగా) భద్రపరిచేటప్పుడు ‘యూటీఎఫ్-8’ అని ఉన్న రకాన్నే ఎంచుకోవాలి, లేకపోతే మళ్ళీ తెరిచినప్పుడు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

ఎవరో తయారుచేసిన యాప్‌లోనే సేకరణను నమోదు చేసుకుంటున్నవారు, అందులోంచి మొత్తం జాబితాను స్ప్రెడ్‌షీటుగా బయటికి తీసుకునే వీలుందో లేదో ముందుగా చూసుకోండి. నాణేల సేకర్తలు కలిసి నిర్మించుకున్న న్యూమిస్టా వెబ్‌సైటులో అలాంటి వీలు ఉంది.

సందేహం: నా దగ్గరున్న పాత కేటలాగును స్కాన్ చేసి, ధరలన్నిటినీ ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌తో) స్ప్రెడ్‌షీటులోకి లాగాలనుకుంటున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

జవాబు: వెతుక్కోవడానికి వీలైన పీడీఎఫ్ కావాలంటే ఉచితంగా దొరికే టెసరాక్ట్ చాలు, హ్యూలెట్ ప్యాకర్డ్‌లో 1985లో మొదలై 2005లో అందరికీ తెరిచిన ఈ సాఫ్ట్‌వేర్ తెలుగును కూడా చదువుతుంది. స్కాన్ చేసేటప్పుడు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది గాని, చీమతలకాయంత అంకెలున్న పేజీలకు 400 గాని 600 గాని పెట్టండి. కాని ధరలను స్ప్రెడ్‌షీటులోకి లాగే ఆలోచన మానుకోమంటాను. కేటలాగులో ధర స్థానంలో ఉండే గీతకు సున్నా అని అర్థం కాదు, ధర చెప్పడానికి చాలినంత సమాచారం లేదని అర్థం. ఓసీఆర్ ఆ గీతను వదిలేసి పక్క వరుసలోని ధరను దాని స్థానంలోకి జరిపేస్తుంది. స్కాట్ కేటలాగులో వాలు అక్షరాలలో ఉన్న ధర, కచ్చితంగా వెలకట్టడం కష్టమైన బిళ్ళకు ఇచ్చినది. సాదా అక్షరాలలోకి మారగానే ఆ హెచ్చరిక పోయి, అది కూడా మిగిలినవాటిలా ఢంకా బజాయించి చెప్పిన అంకెలా కనబడుతుంది. స్కాన్ మీ సొంత వాడకానికే ఉంచుకోండి, కాపీరైట్ ఉన్న పుస్తకాన్ని నెట్‌లో పెట్టకండి.

సందేహం: కొత్త ఎడిషన్ ఈ-బుక్‌గా తక్కువకు వస్తోంది. కొనవచ్చా, లేక అచ్చు పుస్తకం పాత ఎడిషన్ కొనుక్కోవాలా?

జవాబు: గుర్తింపు కోసమే అయితే నాలుగైదేళ్ళ కిందటి అచ్చు ప్రతి చాలు, ధరల కోసం పైన చెప్పిన దారులు ఉన్నాయి. ఈ-బుక్ విషయంలో చూడవలసినవి రెండు. కేటలాగు పేజీలు సాధారణంగా అచ్చులో ఉన్న అమరికతోనే వస్తాయి కనుక ఆరంగుళాల రీడరులో చదవడం శిక్షే, పదంగుళాల ట్యాబ్లెట్ అయినా ఉండాలి. రెండవది, కాపీ చేయకుండా తాళం వేసిన ఈ-బుక్‌లో మీరు కొన్నది చదువుకునే అనుమతిని మాత్రమే. మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ దుకాణాన్ని 2019లో మూసేసినప్పుడు కొన్నవారికి డబ్బు తిరిగి వచ్చింది గాని పుస్తకాలు తెరుచుకోలేదు. కిండిల్ పుస్తకాన్ని కంప్యూటరులోకి దించుకుని యూఎస్‌బీ ద్వారా మార్చుకునే వీలును అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది. ప్రచురణకర్త తాళం లేని పీడీఎఫ్ ఇస్తుంటే నిస్సందేహంగా కొనండి, వెతుకులాటలో దాన్ని మించినది లేదు. ఏది కొన్నా, మీ జాబితాలో కేటలాగు నంబరు పక్కన అది ఏ సంవత్సరపు ఎడిషన్ నుంచి తీసుకున్నదో ఒక వరుసలో రాసుకోండి. స్కాట్ వంటి కేటలాగులలో అప్పుడప్పుడు నంబర్లు మారుతుంటాయి, మారిన నంబర్ల పట్టికను కొత్త ఎడిషన్‌లో ఇస్తారు.