ఇరవై మూడేళ్ల అబ్బాయికి దారి తోచకపోతే ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి 2024లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్)లో బీటెక్ పూర్తిచేశాడు. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అప్పటినుంచీ ఇంట్లోనే ఉన్నాడు. ఏం చేద్దామనుకుంటున్నావంటే ‘తెలియట్లేదు నాన్నా’ అంటాడు. చుట్టాలొస్తే గది తలుపు వేసుకుంటాడు. మా తమ్ముడి కొడుకు ఎంఎస్ చేసి డల్లాస్‌లో స్థిరపడ్డాడు. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు తెచ్చి మావాణ్నీ పంపిద్దామనుకుంటున్నాను. ఎంఎస్, గ్రూప్-2, డేటా సైన్స్ కోర్సు... ఏది మంచిది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో తమ్ముడి కొడుకు ఎక్కడ స్థిరపడ్డాడో ఉంది. మీ అబ్బాయికి బీటెక్‌లో ఏ సబ్జెక్టు నచ్చిందో, ఏ ల్యాబ్‌లో ఎక్కువసేపు కూర్చునేవాడో లేదు. అది మీకు తెలియకపోతే ముందు అతన్ని అడగాలి, బ్యాంకుకు వెళ్లడం తర్వాత సంగతి. చుట్టాలకు ఏం చెప్పాలన్న మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది. కానీ దాన్ని తీర్చుకోవడానికి 40 లక్షలు పెడతానంటే మాత్రం ఒప్పుకోలేను.

‘తెలియట్లేదు’ అనడం సోమరితనం కాదు. పదో తరగతి నుంచి ఇంజినీరింగ్ దాకా ప్రతి మలుపులో ఇంకొకరు నిర్ణయిస్తే, ఇరవై మూడో ఏట మొదటిసారి సొంతంగా ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఎవరికైనా కాళ్లు తడబడతాయి. నిజం చెప్పినందుకు అతన్ని మెచ్చుకోవాలి.

ఇక ఎంఎస్. ఇల్లు హామీగా పెట్టి 10 శాతం వడ్డీకి తెచ్చారనుకుందాం. డబ్బంతా విడుదలయ్యాక వడ్డీయే నెలకు 33 వేలు దాటుతుంది. చదువు అయ్యేదాకా కట్టకపోతే అది అసలులో కలుస్తుంది. కలవకపోయినా, పదేళ్ల వాయిదా నెలకు దాదాపు 52,900. అబ్బాయి తిరిగొచ్చి ఇక్కడ 50 వేల జీతంలో చేరితే ఆ వాయిదా ఎవరు కడతారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా సంతకం పెట్టకండి. చదువయ్యాక అమెరికాలో పనిచేసేందుకిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే మరో 24 నెలలు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్-1బీ కోటా ఏటా 85 వేలు, అదీ లాటరీ. ఇవన్నీ తెలిసి, ఫలానా సబ్జెక్టే కావాలని వెళ్లేవాళ్లు తట్టుకుంటారు. ఏం కావాలో తెలియని పిల్లవాడు వీసా ఇంటర్వ్యూలో ‘ఈ కోర్సే ఎందుకు?’ అన్నప్పుడే నీళ్లు నములుతాడు. ఈ చదువు ఎందుకో చెబుతూ కన్సల్టెన్సీ రాసిచ్చిన వ్యాసం (ఎస్ఓపీ) అక్కడ కాపాడదు.

గ్రూప్-2 గురించి ఒక్కమాట: తెలంగాణలో 783 పోస్టులకు 2022 డిసెంబర్‌లో ప్రకటన వస్తే, పరీక్ష 2024 డిసెంబర్‌లో జరిగింది. ఆ నిరీక్షణకు సిద్ధమని అబ్బాయే అనాలి, మీరు కాదు. డేటా సైన్స్‌లో ఉద్యోగం గ్యారంటీ అని ముందే ఫీజు అడిగేచోట చేర్చకండి.

మరి ఏం చేయాలి? ఆరు వారాల చొప్పున మూడు ప్రయత్నాలు. ఒకటి చిప్ డిజైన్: చిప్‌లోని సర్క్యూట్‌ను వర్ణించే భాష వెరిలాగ్‌లో ముందు ట్రాఫిక్ లైట్ కంట్రోలర్, తర్వాత యూఆర్ట్ (డేటాను ఒక్కో బిట్‌గా పంపే సర్క్యూట్) రాయాలి. రాసింది నడిపి చూసే సాఫ్ట్‌వేర్ ఐకారస్ వెరిలాగ్ ఉచితం, ఇంట్లో ల్యాప్‌టాప్ చాలు. రెండోది ఎంబెడెడ్, అంటే పరికరాల లోపలి చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాం రాయడం: ఒక ఈఎస్పీ32 బోర్డు, ఒక సెన్సర్. బోర్డు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. మూడోది మనుషులతో పని: ట్యూషన్ చెప్పడమో, షాపులో అమ్మకాలో, ఏదైనా సరే.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు మూడూ ఒకేసారి మొదలుపెట్టి వీడియోలు చూస్తూ పోవడం. చూసిన గంటలు లెక్కలోకి రావు. వారానికి ఒకటైనా పనిచేసే వస్తువు ఎవరికైనా చూపించాలి. నోట్‌బుక్‌లో రోజూ మూడు లైన్లు రాయాలి: ఎంతసేపు చేశాను, ఎక్కడ ఆగిపోయాను, ఆగినప్పుడు ఏం చేశాను. ఆ మూడో లైనే ముఖ్యం. తప్పు దొరకక రెండు గంటలు గడిచినా లేవకుండా వెతికాడంటే ఆ పని అతనికి పడుతుంది. పది నిమిషాలకే ఫోన్ చేతిలోకి తీసుకున్నాడంటే ఆరు వారాలకు ఆపేయొచ్చు. అది ఓటమి కాదు, ఒక దారి తేలిపోయినట్టు.

వీటితోపాటే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు డిగ్రీవాళ్లను ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు (పని నేర్చుకుంటూ చేయడానికి) తీసుకుంటాయి. స్టైపెండ్ చిన్నదే. కానీ రెజ్యూమేలో ఖాళీ అక్కడితో ఆగుతుంది. ఏడాది పనిచేశాక కూడా ఫలానా సబ్జెక్టులో ఎంఎస్ కావాలని తనే అంటే, అప్పుడు అప్పు లెక్క మళ్లీ వేద్దాం.

మీ వంతు ఇంకోటుంది. రోజూ ‘ఏమైంది?’ అనడం మానేయండి. ఆదివారం సాయంత్రం అరగంట, ఆ నోట్‌బుక్ ముందుపెట్టుకుని మాట్లాడండి, చాలు. రాత్రుళ్లు నిద్రలేక, తిండి తగ్గించి, వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోతే మాత్రం అది కెరీర్ సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంటి కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి. ఈ వారంలో ఒకరోజు అబ్బాయితో కలిసి రైల్లో సికింద్రాబాద్ వచ్చి, కోఠి గుజరాతీ గల్లీలో ఆ బోర్డూ సెన్సరూ కొనండి. ఏది కొనాలో అతన్నే చెప్పనివ్వండి. దారిలో డల్లాస్ ఊసెత్తకండి.