ముందు సైటును ఎటు జరపాలి?

ప్రశ్న: మా తాతగారి పాత .315 రైఫిల్, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారం తయారీ, లైసెన్సు మార్పు పూర్తయ్యాక నాకు సంక్రమించింది. రేంజిలో 50 మీటర్ల దూరం నుంచి కాల్చితే తూటాలన్నీ ఒకే చోట గుంపుగా పడుతున్నాయి కానీ, గురి చుక్కకు 10 సెంటీమీటర్లు ఎడమగా, 6 సెంటీమీటర్లు పైన పడుతున్నాయి. గొట్టం మూతి దగ్గర గురి చూసే ముల్లు, అంటే ముందు సైటు, అడ్డ గాడిలో బిగించి ఉంది. దాని కొన కాస్త అరగదీస్తే చాలునని ఒక మిత్రుడు అంటున్నారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: దయచేసి ఆకురాయి పట్టకండి. ముందు సైటు పొట్టిదైతే, దాని కొనను వెనక సైటు గంటుకు సరితూచడానికి మీరు గొట్టం మూతిని ఇంకొంచెం పైకెత్తవలసి వస్తుంది. దాంతో ఇప్పటికే పైన పడుతున్న తూటా మరింత పైకి పోతుంది. అరిగిన లోహం మళ్లీ రాదు.

సైన్యం తన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లలో వాడిన .303 బోరు (అంగుళాల్లో గొట్టం లోపలి వ్యాసం) పౌరులకు నిషిద్ధం కాబట్టి, అదే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగంతో ఇషాపూర్‌లో .315 రైఫిళ్లను తయారుచేశారు. సైనిక పూర్వీకుల గుణదోషాలు వీటికీ ఉన్నాయి. వానాకాలపు తేమకు రైఫిల్ కొయ్య భాగం ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నెట్టడం వాటిలో ముఖ్యమైనది. అందువల్ల సైటును కదిలించే ముందు కొయ్యను బిగించే మరలు వదులయ్యాయేమో చూసి, ఒకే రకం తూటాలతో, గొట్టాన్ని కాక ముందు కొయ్యను ఇసుక సంచిపై ఆనించి, మరో అయిదు కాల్చండి. గుంపు మళ్లీ అక్కడే పడితే తప్పు సైటుదే అనుకోవచ్చు.

ఎడమ తేడాను సరిదిద్దడానికి సూత్రం ఒక్కటే: తూటా ఎటు తప్పుతోందో ముందు సైటును అటే జరపాలి. వెనక సైటు జరిపేదైతే, తూటా ఎటు రావాలో అటు జరపాలి. ఎంత జరపాలో లెక్క కట్టడం సులువే. రెండు సైట్ల మధ్య దూరాన్ని తప్పిన దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించండి. అన్నిటినీ మిల్లీమీటర్లలోకి మార్చుకోండి: సైట్ల మధ్య 500 ఉంటే, 500ను 100తో (10 సెంటీమీటర్లు) గుణించి 50,000తో (50 మీటర్లు) భాగిస్తే సరిగ్గా 1 మిల్లీమీటరు వస్తుంది. అంటే చాలా చిన్న దూరం. అందుకే ఆత్రంగా సుత్తి వేయరాదు. ఛాంబరు (తూటా కూర్చునే గది), మేగజైను (తూటాల పెట్టె) ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, బోల్టు (ఛాంబరును వెనక నుంచి మూసే కడ్డీ) తీసేసిన తర్వాత, సైటు అడుగునూ దాని పీఠాన్నీ కలుపుతూ సన్నని పెన్సిల్ గీత గీయాలి; ఆపై ఇత్తడి కడ్డీని కుడివైపు నుంచి ఆనించి మెల్లగా తట్టాలి. గీత రెండుగా విడిపోయిన మేరే సైటు జరిగిన దూరం. ఈ పని మరమ్మతు లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో, మీ ఎదుట చేయించుకోవడమే నా సలహా.

ఎత్తు విషయంలో తొందర వద్దు. పాత సైనిక లీ-ఎన్‌ఫీల్డ్ వెనక సైటుపై కనిష్ఠ గుర్తే 200 గజాలు; అలాంటి అమరికతో 50 మీటర్లకు కాల్చితే తూటా కొంత పైన పడటం సహజం. మీ సైటు అతి తక్కువ దూరం మీదే ఉందా అని ముందు చూడండి. ఉన్నా పైనే పడితే, 0.6 మిల్లీమీటర్లు ఎత్తైన ముందు సైటు కావాలి. సైన్యంలో ఆయుధ మరమ్మతుదారులు 0.015 అంగుళాల తేడాతో రకరకాల ఎత్తుల సైట్లు ఉంచుకునేవారు. మీకు సరిపడేది దొరికే వరకు 50 మీటర్ల దగ్గర చుక్కకు 6 సెంటీమీటర్లు కింద గురి పెట్టి కాల్చండి.