ఇష్టమైన నటులకు ర్యాంకులు ఇవ్వాలంటే నటనను ఎలా కొలవాలి?

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఫస్ట్ షో వదిలాక చాయ్ దగ్గర మొదలయ్యే ఈ వాదన ఎంతకీ తెగదు. వసూళ్లు, డ్యాన్సు, ఫైట్లు, నటన అన్నిటినీ ఒకే తక్కెడలో వేస్తారు మరి. నటనను విడిగా చూడండి.

ఒక్కో నటుడివి మూడు వేర్వేరు తరహా పాత్రలు తీసుకోండి. ఎదుటివాళ్ల డైలాగ్ నడిచే సీన్ పెట్టి, రెండు నిమిషాలు సౌండ్ తీసేయండి. ఆయన నిజంగా వింటున్నాడా, తన వంతు కోసం కాచుకుని ఉన్నాడా? కళ్లలోనే తెలిసిపోతుంది.

తర్వాత గొంతు. అది ఆయనదేనా అన్నది ముందు చూసుకోవాలి. సుమన్, రాజశేఖర్‌ల చాలా సినిమాల్లో వినిపించేది సాయికుమార్ గొంతు. ఆ మార్కులు సాయికుమార్‌కే వెయ్యాలి.

పాత్రల మధ్య తేడాకు 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ చూడండి. కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు ముగ్గురూ ఎన్టీఆరే. చూపు, నడక, మాట విరుపు ఒక్కో పాత్రకు ఒక్కో తీరు.

నా వరకు మొదటి పేరు ఎస్వీ రంగారావు. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడిగా పసివాడిలా నవ్విన మనిషే ‘నర్తనశాల’ (1963)లో కీచకుడయ్యాడు. హీరో కాదని ఆయన్ను పక్కనపెట్టే జాబితాను నేను ఒప్పుకోను.