వల గుండ్లు పోసేటప్పుడు సీసం సంగటిలా చిక్కబడుతుంటే

చేపల వలకు కట్టే గుండ్లు పోస్తుంటే సీసం చిక్కబడుతోందని అడిగారు. మీ సీసంలో జింక్ కలిసింది. కర్నూలు టైర్ల అంగట్లో తెచ్చిన వీల్ బరువులు (చక్రం సమంగా తిరగడానికి అంచుకు బిగించే చిన్న ముక్కలు) ఏరకుండా డబ్బాడూ మూకుడులో కుమ్మరించి మంట పెంచానన్నారు కదా, తప్పు అక్కడే. ఇప్పుడు ఆ బరువుల్లో సీసంవే కాదు, ఇనుమువి, జింక్‌వి కూడా ఉంటాయి.

అందరూ వదిలేసే పని ఏరడం. పొయ్యి వెలిగించకముందే, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడాలి.

1. అంచును కటింగ్ ప్లేయర్‌తో నొక్కండి. సీసమైతే మెత్తగా నొక్కుకుపోతుంది. జింక్ గట్టిగా ఉంటుంది, పట్టు జారుతుంది.
2. గచ్చు మీద వేయండి. సీసం 'దబ్' మంటుంది, జింక్ ఖంగుమంటుంది.
3. జెడ్ఎన్ (Zn, జింక్), ఎఫ్ఈ (Fe, ఇనుము) అక్షరాలుంటే పక్కన పడేయండి.
4. అనుమానం ఉన్నది వేయకండి. ఒక్క ముక్క చాలు, మూకుడంతా పాడవుతుంది.

సీసం 327 డిగ్రీలకు, జింక్ 419కి కరుగుతాయి. అందుకే మంట తగ్గించి పెట్టండి. ఏరేటప్పుడు కన్ను దాటిపోయిన జింక్ కరగకుండా సీసం మీద తెట్టులా తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు. మీరు మంట పెంచారు కాబట్టే అది కరిగి కలిసిపోయింది. ఆ సరుకును బాగుచేయాలని చూడకండి, పాత సామాన్ల అంగట్లో జింక్ కలిసిందని చెప్పి ఇచ్చేయండి.

సీసం కోసం పాత బ్యాటరీలు మాత్రం పగలగొట్టొద్దు. యాసిడ్ ఒకటే కాదు, ఆ పలకలతో విషవాయువులు కూడా పుట్టొచ్చు.

తడి ముక్క కరిగిన సీసంలో పడితే చిమ్ముతుంది, ముందే ఎండబెట్టండి. ఆరుబయటే చేయండి, పిల్లలను రానీయకండి. ఆ మూకుడు మళ్లీ వంటకు వద్దు.