ముసాయిదా చదివాక కొన్ని మాటలు

అమ్మాయీ, ఆశీస్సులు.

లాగిన్ సర్వర్ల చిరునామాలను యాప్ తనంతట తానే తెలుసుకునే పద్ధతి (డిస్కవరీ) మీద నువ్వు రాసిన ముసాయిదా రెండుసార్లు చదివాను. ఎండ్‌పాయింట్ల (సర్వర్‌లో ఒక్కో పనికి వెళ్లాల్సిన చిరునామాల) పట్టిక శుభ్రంగా ఉంది, దాని జోలికి వెళ్లను. కానీ ఆ పట్టిక చేతికందిన క్లయింట్ (సర్వర్‌ని వాడుకునే యాప్) దాన్ని ఎందుకు నమ్మాలో చెప్పే వాక్యం ముసాయిదా మొత్తంలో ఒక్కటీ కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

యూజర్ తన పాస్‌వర్డ్ యాప్‌కి ఇవ్వకుండానే దానికి అనుమతి ఇచ్చే ఓఆత్ 2.0 ప్రమాణం 2012లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 6749గా వచ్చినప్పుడు, ఆథరైజేషన్ ఎండ్‌పాయింట్ (యూజర్ లాగిన్ అయి అనుమతి ఇచ్చే చోటు) చిరునామా క్లయింట్‌కి ఎలా తెలుస్తుందన్నది తన పరిధిలోది కాదని, మామూలుగా ఆ సర్వీసు డాక్యుమెంటేషన్‌లో ఉంటుందని చెప్పి వదిలేసింది. అప్పటికి అది చెల్లింది. ఒక్కో సర్వీసుకి విడిగా కోడ్ రాసేవాళ్లం, చిరునామాలు కోడ్‌లోనే అతికించేసేవాళ్లం. తర్వాత 2014లో ఓఆత్ మీదే కట్టిన లాగిన్ ప్రమాణం ఓపెన్‌ఐడీ కనెక్ట్‌కి చెందిన డిస్కవరీ, 2018లో ఆథరైజేషన్ సర్వర్ (టోకెన్లు ఇచ్చేది) తన గురించి తాను చెప్పుకునే ఆర్‌ఎఫ్‌సీ 8414 వచ్చాయి. రిసోర్స్ సర్వర్ (డేటా ఇచ్చే ఏపీఐ) తన గురించి చెప్పుకునే ఆర్‌ఎఫ్‌సీ 9728 రావడానికి 2025 దాకా పట్టింది. ఈ వరుస చూడు. క్లయింట్ ప్రయాణం మొదలయ్యేది రిసోర్స్ దగ్గర, ప్రమాణాలు అక్కడికి చేరింది అన్నిటికన్నా చివర.

నువ్వు మాత్రం క్లయింట్ చేతిలో ముందే ఉన్నదానితో మొదలుపెట్టు. దాని దగ్గర ఉండేది ఒక ఏపీఐ చిరునామా, అంతే. టోకెన్ (అనుమతి చీటీ) లేకుండా అడిగితే 401, అంటే ‘అనుమతి చూపించు’ అన్న జవాబు, వస్తుంది. ఆ జవాబు హెడర్‌లోనే రిసోర్స్ మెటాడేటా (దాని వివరాల పత్రం) ఎక్కడుందో ఉంటుంది. ఆ పత్రంలో ఆథరైజేషన్ సర్వర్ల పేర్లు, వాటి పత్రాల్లో ఎండ్‌పాయింట్లు. గొలుసులో ప్రతి కొక్కెం దగ్గరా ఒకటే పరీక్ష: పత్రం తనకు తాను చెప్పుకున్న పేరు, నేను ఏ పేరు పట్టుకుని దాన్ని వెతికానో ఆ పేరు, రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా? కాకపోతే పత్రాన్ని పక్కన పడేయాలి. దీన్ని ‘చేయడం మంచిది’ అని రాయకు, ‘చేసి తీరాలి’ అని రాయి. సర్దుబాటు చేసి పోల్చడం కూడా వద్దు. చివర ఒక స్లాష్ ఎక్కువుంటే అది వేరే పేరే. దీని మీద ఫిర్యాదులు వస్తాయి, వచ్చినా మెత్తబడకు.

ఈ పరీక్షతోనే పని అయిపోయిందని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. మేం చేసిన ఒక డెస్క్‌టాప్ యాప్‌లో కస్టమర్ తన ఇష్యూయర్ చిరునామా (ఆథరైజేషన్ సర్వర్ పేరు చిరునామా రూపంలోనే ఉంటుంది) ఇస్తే చాలు, మిగతాదంతా యాపే వెతుక్కునేది. సెక్యూరిటీ పరీక్షకు వచ్చిన కుర్రాడు తన సొంత ఇష్యూయర్ పెట్టాడు. పేరు విషయంలో అబద్ధం ఆడలేదు, కాబట్టి మా పోలిక నెగ్గింది. కానీ తన పత్రంలో ఆథరైజేషన్ ఎండ్‌పాయింట్‌గా ఇంకో కస్టమర్ అసలు సర్వర్‌ని, టోకెన్ ఎండ్‌పాయింట్‌గా తన సర్వర్‌ని రాశాడు. యూజర్‌కి కనబడింది నిజమైన లాగిన్ పేజీ. వచ్చింది నిజమైన కోడ్, అంటే టోకెన్ ఎండ్‌పాయింట్‌లో ఇచ్చి టోకెన్ తీసుకునే తాత్కాలిక చీటీ. మా యాప్ దాన్ని భద్రంగా తీసుకెళ్లి అతని చేతిలో పెట్టింది. దొంగిలించిన కోడ్ పనికిరాకుండా చేసే పీకేసీఈ ఉంది కదా అనుకున్నాం, కానీ కోడ్‌తో పాటు దాని రహస్యమైన వెరిఫయర్‌ని కూడా మేమే పంపించాం. మాది సొంత రహస్యం దాచుకోలేని పబ్లిక్ క్లయింట్ కాబట్టి ఆ కోడ్‌ని టోకెన్‌గా మార్చుకోవడానికి అతనికి ఇంకే రహస్యమూ అక్కర్లేకపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

దీనికి మందు ఆర్‌ఎఫ్‌సీ 9207లో ఉంది. కోడ్‌తో పాటు సర్వర్ తన ఇష్యూయర్ పేరు కూడా పంపుతుంది. మేం మొదలుపెట్టింది ఒక పేరుతో, జవాబు వచ్చింది ఇంకో పేరుతో అయితే అక్కడే ఆపేస్తాం. కాబట్టి డిస్కవరీని లాగిన్ నుంచి విడదీసి రాయకు. పత్రంలో చదివిన పేరు చివరి జవాబు దాకా నడవాలి. రిసోర్స్ వైపు కూడా ఇదే జాగ్రత్త: టోకెన్ ఎవరి కోసం అడుగుతున్నామో అడిగేటప్పుడే చెప్పాలి. అలా చెప్పే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 8707లో ఉంది. లేకపోతే ఒక దొంగ ఏపీఐ ‘నా ఆథరైజేషన్ సర్వర్ ఫలానా పెద్దవారే’ అని చెప్పి, నీ చేత తెప్పించుకున్న టోకెన్‌ని వేరేచోట వాడుకుంటుంది.

ఇక చిరునామా సంగతి. ఇష్యూయర్‌లో పాత్ (హోస్ట్ పేరు తర్వాత వచ్చే భాగం) ఉన్నప్పుడు, పత్రం ఉండే చోటుని చెప్పే వెల్-నోన్ (‘/.well-known/’) భాగాన్ని ఎక్కడ పెట్టాలి? 8414 దాన్ని హోస్ట్‌కీ పాత్‌కీ మధ్యలో దూరుస్తుంది. ఓపెన్‌ఐడీ పద్ధతి చివర తగిలిస్తుంది. రెండింటికీ కారణాలున్నాయి. వెల్-నోన్ అన్నది సైట్ మూలంలోనే ఉండాలన్నది మొదటిదాని నియమం. కానీ ఒక హోస్ట్‌ని పంచుకునే కస్టమర్లు (టెనెంట్లు) పదిమంది ఉన్నచోట ఆ మూలం మీద వాళ్లెవరికీ అధికారం ఉండదు, అక్కడ రెండోదే సులువు. ఫలితంగా ఈ రోజుకీ క్లయింట్లు రెండుచోట్లా తలుపు తడుతున్నాయి. నువ్వు మూడో పద్ధతి కనిపెట్టకు, దయచేసి. ఉన్నవాటిలో ఒకటి ఎంచుకో. పాత్ ఉన్న ఉదాహరణ, లేని ఉదాహరణ రెండూ ముసాయిదాలోనే పూర్తిగా రాసి చూపించు. పాత్ లేని ఉదాహరణ ఒక్కటే ఇస్తే చదివేవాళ్లు మిగతాది తలా ఒకలా ఊహించుకుంటారు.

ఒక ఫీల్డ్ లేకపోతే దానర్థం ఏమిటో కూడా రాయాలి. 8414లో పీకేసీఈ పద్ధతుల ఫీల్డ్ లేకపోతే ఆ సర్వర్‌కి పీకేసీఈ రాదని అర్థం. గ్రాంట్ రకాల (టోకెన్ తెచ్చుకునే పద్ధతుల) ఫీల్డ్ లేకపోతే మాత్రం ఆథరైజేషన్ కోడ్, ఇంప్లిసిట్ (కోడ్ లేకుండా నేరుగా టోకెన్ ఇచ్చేది) రెండూ ఉన్నట్టే లెక్క. 2025 జనవరిలో వచ్చిన ఓఆత్ భద్రతా సూచనల ఆర్‌ఎఫ్‌సీ 9700 ఇంప్లిసిట్‌ని వాడొద్దంటోంది, అయినా ఆ డిఫాల్ట్ అక్కడే ఉండిపోయింది. ఒకసారి అచ్చయిన డిఫాల్ట్‌ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. మౌనానికి అర్థం చెప్పాల్సి వస్తే ‘లేదు’ అని చెప్పు. తెలియని ఫీల్డ్ కనబడితే క్లయింట్ దాన్ని వదిలేసి ముందుకు పోవాలన్న వాక్యం మాత్రం ఉంచు, రేపు ఎవరైనా కొత్త ఫీల్డ్ చేర్చాలంటే అదే దారి.

పత్రం అందకపోతే చిరునామా ఊహించి ప్రయత్నించడం వద్దు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. ఎవరో ఇచ్చిన చిరునామాకి నీ సర్వర్ వెళ్లి పత్రం తెస్తోందంటే, లోపలి నెట్‌వర్క్ చిరునామాలకు వెళ్లకుండా అడ్డుకట్ట వేయాలని కూడా ఒక పేరా రాయి.

తర్వాతి ముసాయిదా పంపేటప్పుడు నెగ్గే ఉదాహరణలతో పాటు, క్లయింట్ తిరస్కరించాల్సిన పత్రాలు కూడా అరడజను జతచెయ్. నేను ముందు వాటినే చదువుతాను.