విదేశానికి బయల్దేరే ముందు ఏడుపొస్తే, తప్పు నిర్ణయం తీసుకున్నట్టేనా?

వచ్చే వారం రెండేళ్ల చదువుకు విదేశం వెళ్తున్నానని, ఎగిరి గంతేయాల్సింది పోయి రాత్రుళ్లు ఏడుపొస్తోందని రాశారు. తప్పు నిర్ణయం తీసుకున్నానా అని అడిగారు.

లేదండీ. వీసా వచ్చిన రోజు మా ఇంట్లో అందరికంటే గట్టిగా కేక పెట్టింది నేనే. అదే నాకు, ప్రయాణం నాలుగు రోజులుందనగా ఆకలి చచ్చిపోయింది. సూట్‌కేస్ సర్దుతుంటే కళ్లు నిండేవి. అరగంటకే అక్కడి క్యాంపస్ ఫొటోలు చూసి మళ్లీ హుషారు. ఆ రెండూ నిజమే. ఇష్టమైన చోటికి వెళ్తున్నాం, ఇష్టమైనవాళ్లను వదిలి వెళ్తున్నాం, మరి రెండూ రాకుండా ఎలా ఉంటాయి?

మా నాన్న పెద్దగా మాట్లాడరు. ఆ వారమంతా పెట్టె తూచడమే ఆయన పని. చేతి తూకానికి తగిలించి ఎత్తి, 23 కిలోలు దాటలేదని చూసుకుని దించేవారు. గంట తర్వాత మళ్లీ ఎత్తేవారు. మధ్యలో అందులో ఎవరూ ఏమీ పెట్టలేదు. మొదట్లో విసుక్కున్నాను కూడా. బయల్దేరే రోజు పొద్దున పెట్టె ఎత్తి, అంకె వైపు చూడకుండా అలాగే నిలబడిపోయారు. అప్పుడు అర్థమైంది నాకు.

నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఒక్కటే. చివరి రాత్రి రెండింటిదాకా కాగితాలు సర్దుతూ కూర్చున్నాను. అమ్మ పక్కనే ఉంది, రెండు మాటలు కూడా మాట్లాడలేదు. మీరు అలా చేయకండి. పాస్‌పోర్ట్, వీసా, అడ్మిషన్ లెటర్, వాటి జిరాక్సులు రెండు రోజుల ముందే హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టేయండి. పవర్ బ్యాంక్ కూడా అందులోనే, చెకిన్ పెట్టెలో ఒప్పుకోరు. ఆఖరి సాయంత్రం ఇంట్లోవాళ్లకే వదిలేయండి. ఏడుపొస్తే వాళ్ల ముందే ఏడవండి. నేను బిగబట్టుకుని, సెక్యూరిటీ దగ్గర ట్రేలో బెల్టు పెడుతూ ఏడ్చాను. వెనకున్న పెద్దావిడ ఏమీ అడగకుండా నా ట్రే తనే ముందుకు జరిపింది.

ఇంకో సంగతి. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ చాలాసార్లు 20 శాతం కూడా ఉండదు. లోపలి గాలి పీడనం కూడా సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టే ఉంటుంది. నోరు ఎండిపోవడం, నీరసం, తలనొప్పి అందుకే. దిగాక నిద్ర గాడిలో పడటానికి, టైములో ఎన్ని గంటల తేడా ఉంటే దాదాపు అన్ని రోజులు పట్టొచ్చు. నాకు తొమ్మిదిన్నర గంటల తేడా. మొదటి వారం తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, వెనక్కి వెళ్లిపోదామనిపించేది. నిద్ర కుదుటపడ్డాక ఆ ఆలోచన చాలావరకు తగ్గింది. కాబట్టి ఆ వారంలో ఏ నిర్ణయమూ తీసుకోకండి.

దిగగానే ఇంటికి ఫోన్ చేయండి. నేను చేస్తే నాన్న అడిగిన మొదటి మాట, "పెట్టె జాగ్రత్తగా వచ్చిందా?" అని. వచ్చింది నాన్నా అన్నాను. తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, ఫోన్ మాత్రం చాలాసేపు ఎవరూ పెట్టలేదు.