రెండో షాపు, అరవై దగ్గర ఆగిపోయిన లెక్క

"సొంత పని మీద బతికే మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు వ్యాపారం పెంచుకుంటూనే ఒంటినీ ఇంటినీ ఎలా చూసుకుంటున్నారు?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకి మామూలుగా వచ్చే సలహాలు నాకు కంఠతా వచ్చు. పొద్దున్నే ఐదింటికి లేవండి, యోగా చెయ్యండి, పని నలుగురికీ పంచండి. చెప్పేవాళ్లలో ఒక్కరి గోళ్ల సందులోనైనా వార్నిష్ ఎండిందా అని నా అనుమానం.

నాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, గట్టిగా నడిస్తే ఆంధ్రాలో ఉంటాం. ఇరవై రెండేళ్లుగా మోటారు వైండింగ్ పని, అంటే కాలిపోయిన మోటారులో తీగ తీసేసి కొత్త తీగ చుట్టడం. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు "ఏటి మేస్త్రీ, అయిపోనాదా?" అంటారు, ఊళ్లో ఒరియావాళ్లు "హేలా కి?" అంటారు. ఏ భాషలో అడిగినా నా జవాబు ఒకటే, ఇంకా అవ్వలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక భాషలో రాస్తే ఎవరూ ఏమీ అనరనే ధైర్యంతో రాస్తున్నాను.

వ్యాపారం పెంచుకోవాలన్న ఆశ నాకు పుట్టింది తుఫానులో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అట, పేరు పెట్టినవాళ్లు మా జిల్లా వచ్చి చూడాల్సింది. మహేంద్రతనయ పొంగింది, వంశధార పొంగింది, కరెంటు స్తంభాలు చెరుకు గడల్లా వాలిపోయాయి. మూడో రోజునుంచి నా షాపు ముందు మోటార్లు వరస కట్టాయి. బురద నీళ్లలో మునిగిన మోటార్లు. ఇళ్లలో నీళ్లు తోడే మోనోబ్లాకులు, పొలం మోటార్లు, పిండిమిల్లు మోటారొకటి, ఆఖరికి గుడి మైకుసెట్టు కూడా తెచ్చారు, అది నా పని కాదన్నా వినలేదు.

మునిగిన మోటారుకి ఎప్పుడూ వైండింగ్ అక్కర్లేదు, చాలామందికి ఇది తెలీదు. విప్పి, మంచినీళ్లతో బురద కడిగి, ఎండలో ఆరబెట్టి, బేరింగులు మార్చి, మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ బాగుందో లేదో చూపే మీటరు) పెట్టి చూస్తే సగం పైగా బతికేస్తాయి. కరెంటు లేకపోయినా చేత్తో తిప్పే మెగ్గర్ ఉంది కాబట్టి నా పని ఆగలేదు. తడి మోటారుకి తొందరపడి కరెంటు ఇచ్చినవాళ్లవి మాత్రం కాలిపోయి వచ్చాయి. వారం తిరక్కముందే దసరా వచ్చింది. ఏటా పనిముట్లు కడిగి బొట్టు పెట్టేవాణ్ణి, ఆ ఏడు కటింగ్ ప్లయర్ చేతిలోంచి దిగితే కదా. పంతొమ్మిది రోజులు, రోజుకి నాలుగు గంటల నిద్ర. మామూలు రోజుల్లో ఐదు నెలలు కష్టపడితే మిగిలేది ఆ పంతొమ్మిది రోజుల్లో మిగిలింది.

ఆ డబ్బే నన్ను చెడగొట్టింది. ఊరు మునిగినప్పుడు వచ్చిన గిరాకీని నేను నా సత్తా అనుకున్నాను.

2019 సంక్రాంతి వెళ్లగానే కాశీనగర్‌లో రెండో షాపు తెరిచాను. నౌపడా, గుణుపూర్ రైలు మార్గంలో ఉన్న ఊరు, చుట్టూ పొలాలు, మోటార్లకి కొదవ లేదు. అక్కడ ఒక కుర్రాణ్ణి పెట్టి, పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం అక్కడ, రాత్రి మళ్లీ ఇక్కడ. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. మా బావమరిది అయితే బ్రాంచి అనే మాట వాడాడు, నాకు రెండు రోజులు ఒళ్లు తేలిపోయింది.

ఇక్కడ మా పని గురించి ఒక్క విషయం చెప్పాలి. వైండింగ్‌లో తీగ, కాగితం, వార్నిష్ అన్నీ కొనుక్కోవచ్చు. కొనలేనిది లెక్క. కాయిల్‌కి ఎన్ని చుట్లు తీశామో అన్నే చుట్టాలి. తక్కువైతే కరెంటు ఎక్కువ లాగి కాలుతుంది, ఎక్కువైతే మోటారు మూలుగుతూ నీళ్లు పైకి తోయదు. నా గురువు మనసులో లెక్కపెట్టమని నేర్పాడు. చుడుతున్నప్పుడు ఎవరైనా మాట్లాడితే ఎడమ చెయ్యి పైకెత్తుతాను, ఆగమని. షాపుకొచ్చేవాళ్లందరికీ ఆ చెయ్యి అలవాటే.

ఫోనుకి మాత్రం చెయ్యి చూపించలేం. రెండు షాపులయ్యాక ఫోన్లు నాలుగింతలయ్యాయి. ప్రతి ఫోనూ అర్జంటే. ఈ అర్జంట్ అనే మాట కనిపెట్టినవాడు ఎవడోగానీ వాడింట్లో మోటారు లేదు. అర్జంటని తెల్లారకుండా నిద్రలేపి పని చేయించుకున్నవాడు పన్నెండు రోజుల తర్వాత వస్తాడు, "ఫోన్‌పే చేసేస్తాను బావూ" అని బండెక్కుతాడు. ఆ చేసేస్తానుల మీద నాకు ఇంకా తొమ్మిది వేలు రావాలి.

ఒకరాత్రి ఇంట్లో అన్నం తింటున్నాను. మా పాపకి అప్పుడు ఏడేళ్లు. స్కూలు సంగతేదో చెప్పడానికి వచ్చి ఎదురుగా నిలబడింది, మాట్లాడదు. ఏమిటే అన్నాను. "చెయ్యి దించు నాన్నా" అంది. చూసుకుంటే ఎడమ చెయ్యి గాలిలో ఉంది. ఎప్పుడెత్తానో నాకు తెలీదు. మా ఆవిడ ఏమీ అనకుండా మజ్జిగ పోసింది. ఆవిడ ఏమీ అనలేదంటే ఎలా ఉంటుందో పెళ్లయిన మగాళ్లకి చెప్పక్కర్లేదు.

జూన్ నడిమికి వచ్చేసరికి రజ పండగ వచ్చింది. తెలీనివాళ్లకి చెబుతాను. ఒరియావాళ్లు ఆ మూడు రోజులూ భూదేవి ముట్టయిందంటారు. నేలలో నాగలి దించరు, గునపం వెయ్యరు. ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, పొడొపిఠా అనే తియ్యటి పిండి రొట్టె కాలుస్తారు. నా షాపు పక్కింట్లో మౌసీ (ఒరియాలో పిన్ని అన్నమాట) ఉంటుంది, అరవై దాటిన మనిషి, నాకు ఇక్కడ షాపు ఇప్పించింది కూడా ఆవిడే. వాళ్ల పెరట్లో మామిడి చెట్టుకి ఉయ్యాల కట్టారు, పిల్లల గోల నాకు వినిపిస్తోంది. బజారులో సగం షాపులు మూసే ఉన్నాయి. నేను మాత్రం షట్టర్ ఎత్తి అర హెచ్‌పీ మోటారొకటి చుడుతున్నాను, అర్జంటు మరి.

అరవై దగ్గర ఫోను మోగింది. తియ్యలేదు. అరవై ఒకటి అనాలి, మళ్లీ అరవై అన్నాను. మళ్లీ అరవై. తర్వాతి అంకె ఏమిటో గుర్తు రాలేదు. నవ్వులాట కాదు, అరవై తర్వాత ఏమొస్తుందో నిజంగా తెలియలేదు. కుడిచేతి వేళ్లు మొద్దుబారి తీగ జారిపోయింది, చొక్కా తడిసి ముద్దయింది. ఆ పాటికి మౌసీ పొడొపిఠా ముక్క అరిటాకులో పెట్టుకుని వచ్చింది. "ఏటి నాయినా, భూమికే సెలవిచ్చేరు, నీకు లేదా?" అని తిట్టబోయి నా మొహం చూసి ఆగిపోయింది. ఆటో పిలిచింది ఆవిడే, ఆస్పత్రిలో నా పక్కన కూర్చున్నది ఆవిడే. బీపీ 180, కింద 110. డాక్టరుగారు నిద్ర ఎన్ని గంటలని అడిగితే నేను ఎక్కువ చేసి ఐదు అని చెప్పాను.

ఆ వారం ఇంట్లో కూర్చుని తొలిసారి కాశీనగర్ లెక్క కాగితం మీద పెట్టాను. నెలకి అక్కడ వచ్చేది 22 వేలు. అద్దె 3,500. కుర్రాడి జీతం 9,000. పెట్రోలు, కరెంటు 3,000. నేను లేనప్పుడు తప్పుగా చుట్టిన మోటార్లు మళ్లీ ఉచితంగా చుట్టి ఇవ్వడానికి 2,000. మిగిలింది 4,500. దీని కోసమా నాకు అంకెలు మర్చిపోయే రోగం! మా ఆవిడ కాగితం చూసి, "దీనికన్నా పాతపట్నంలో ఇడ్లీ బండి పెట్టుంటే నయం" అంది. ఆ నెలాఖరుకే షట్టర్ దించేశాను.

కాబట్టి నా అభిప్రాయం ఇది, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా. చేతి పనివాడికి రెండో షాపు పెరుగుదల కాదు. కిరాణా కొట్టుకి రెండో షాపు ఉండొచ్చు, ఎందుకంటే పప్పు ఎవరు తూచినా పప్పే. మాకు సరుకు మా చెయ్యి, అది ఒకటే ఉంటుంది. నాకు తెలిసిన వైండింగ్ మేస్త్రీల్లో రెండో షాపు పెట్టి బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. మీ ఊళ్లో ఉంటే సంతోషం, వాడి బీపీ ఎంతో కనుక్కోండి.

మరి పెరగకుండా ఎలా అంటారా? పెరగకపోతే తగ్గుతామన్న భయం నాకూ ఉంది. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి, పాత ఫ్యాను 75 వాట్లు తింటే ఇవి 30 దగ్గర తిరుగుతాయి, పాడైతే మార్చేది ఎలక్ట్రానిక్ బోర్డు. నెలకి ముప్పై ఫ్యాన్లు చుట్టిన చోట ఇప్పుడు పదిహేను వస్తున్నాయి. చవక మోటార్లలో అల్యూమినియం తీగ, వాటికి రిపేరు చెబితే కొత్తదే కొంటామంటారు. అందుకని కాశీనగర్ కుర్రాణ్ణి వదల్లేదు, ఇక్కడికి తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏడాదిన్నర నేర్పాను. ఇప్పుడు వాడు చుట్టినదీ నేను చుట్టినదీ నాకే తేడా తెలీదు. బోర్డు రిపేరు వాడు వీడియోలు చూసి నేర్చుకున్నాడు, నాకు నేర్పుతున్నాడు. జీతం పెంచాల్సి వచ్చింది. వాడు రేపు సొంత షాపు పెట్టుకుంటాడని అందరూ భయపెడతారు, పెట్టుకోనీ, నేనూ అలాగే పెట్టాను.

ప్రభుత్వం ఏమైనా చేస్తుందా అని చూడకండి. 2023 సెప్టెంబర్ 17న, సరిగ్గా విశ్వకర్మ పూజ రోజున, పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టారు. మా షాపులో ఆరోజు విశ్వకర్మ పటానికి దండ వేసి, మోటార్లకి పసుపు రాసి కూర్చున్నాం. పనిముట్లకి 15,000, ఐదు శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మంచిదే. 18 వృత్తుల జాబితా చదివాను. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, తాపీ మేస్త్రీ, చేపల వల అల్లేవాళ్లు, తాళాలు చేసేవాళ్లు ఉన్నారు. ఎలక్ట్రీషియన్ లేడు, మోటారు చుట్టేవాడు లేడు. ఈఎస్‌ఐ ఆరోగ్య బీమా సంగతంటారా, అది జీతగాళ్లకి, అదీ పదిమంది పనిచేసే చోట. మా షాపులో మేం ఇద్దరం, మౌసీ పిల్లితో కలిపి ముగ్గురం.

ప్రశ్నకి సూటిగా జవాబు కావాలంటే, నేను చేస్తున్నది ఇంతే. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా షట్టర్ సగం దించి చుట్టుడు పని, ఫోను సొరుగులో. రాత్రి ఎనిమిదికి మూత. అర్జంటన్నవాడికి అర్జంటు రేటు ముందే చెబుతాను, పదిమందిలో తొమ్మిదిమందికి అప్పటికప్పుడే అర్జంటు తగ్గిపోతుంది. రజ మూడు రోజులు షాపు తియ్యను. ఆంధ్రా వైపు వాళ్లు "మీకెందుకు బావూ ఒరియా పండగ?" అంటారు, ఉగాదికి ఇటువాళ్లు అదే అడుగుతారు. సరిహద్దులో ఉన్నందుకు ఆ పాటి లాభమైనా ఉండొద్దా? మొదటి ఏడాది కొంత గిరాకీ పోయింది, అబద్ధం చెప్పను. అందులో సగం తిరిగొచ్చింది.

ఇది చదివి ఎవరో అడుగుతారు, చుట్లు లెక్కపెట్టడానికి మెషీనుకి కౌంటర్ ఉంటుంది కదా, మనసులో లెక్కెందుకని. ఉంది. నా మెషీనుకీ ఉంది. దాని గేరు 2016లో అరిగిపోయింది. ఊరందరి మోటార్లూ బాగుచేస్తూ దాన్ని మార్చడానికి మూడేళ్లు తీరిక దొరకలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలో మార్చాను. నూట యాభై రూపాయలు, ఇరవై నిమిషాల పని.